బేస్‌బాల్ మాటల గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: బేస్‌బాల్ చూడటం అలవాటైంది, కామెంటేటర్లు వాడే మాటలు మనసుకు పట్టాయి, తీరిక దొరికినప్పుడు వాటి గురించి చదువుతూ రాసుకోవాలని ఉంది. ఇంగ్లీషు అక్షరక్రమంలో జాబితా మొదలుపెట్టారు. ఒక్కో మాటకు ఒక అర్థం, ఒక పుట్టుకథ. బి అక్షరం దాటకముందే ఊపు తగ్గిపోయింది. ప్లాన్ ఎలా మార్చుకోవాలి?

ముందు ఆ జాబితా ఆపేయండి. అక్షరక్రమం నిఘంటువుకి పనికొస్తుంది, ఆ పని పాల్ డిక్సన్ చేసి పెట్టారు. ఆయన బేస్‌బాల్ నిఘంటువు మూడో కూర్పు 2009లో వచ్చింది, అందులో పదివేలకు పైగా మాటలున్నాయి. దాన్ని పక్కన పెట్టుకుని వాడుకోండి, దాంతో పోటీ వద్దు. మీకు మిగిలి ఉన్న పని వేరే, నా దృష్టిలో అంతకన్నా రుచికరమైనది: ఒక మాట మైదానంలో ఏం జరిగినప్పుడు పుట్టిందో, ఆట మారినప్పుడు దానికేమైందో చూడటం. ఈ ఆట రూల్స్ 1840ల నుంచి మారుతూనే ఉన్నాయి. రూల్ పోయాక కూడా మాట ఉండిపోతుంది. ఎన్నో ఏళ్లుగా ఈ మాటల వెంట తిరుగుతున్నా నాకు విసుగు రాకపోవడానికి కారణం అదే.

ఉదాహరణకి స్ట్రైక్‌నే తీసుకోండి. స్ట్రైక్ అంటే కొట్టడం. కానీ బ్యాటర్ ఊపి బంతిని కొట్టలేకపోతే స్ట్రైక్ అంటారు. బ్యాట్ కదపకుండా నిలబడ్డా, బంతి సరైన చోట వెళ్తే అంపైర్ స్ట్రైక్ అనేస్తాడు. కొత్తగా చూసేవాళ్లందరికీ ఇక్కడే తికమక. న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ బేస్‌బాల్ క్లబ్ 1845లో రాసుకున్న రూల్స్‌కి వెళ్తే చిక్కు విడిపోతుంది. అప్పట్లో స్ట్రైక్ అంటే బ్యాటర్ బంతి మీదికి బ్యాట్ ఊపడం, అంతే. మూడుసార్లు ఊపి తప్పితే అతని పని అయిపోయినట్టే. ఊపకపోతే లెక్కే లేదు. దాంతో కొందరు తమకు నచ్చిన బంతి వచ్చేదాకా బ్యాట్ భుజాన పెట్టుకుని అలాగే నిలబడేవారు, ఆట ముందుకు సాగేది కాదు. అందుకే 1858లో, మంచి బంతుల్ని కావాలని వదిలేస్తున్న బ్యాటర్ మీద స్ట్రైక్ ప్రకటించే అధికారం అంపైర్‌కి ఇచ్చారు. ఊపకపోయినా ఊపినట్టే లెక్క. తప్పిపోయిన దెబ్బకు పెట్టిన పేరు, అసలు వేయని దెబ్బకు కూడా అతుక్కుపోయింది.

దీనికి ఎదురుగా ఉన్న బాల్ సంగతీ అంతే. బంతి వేసే పిచర్ కొట్టడానికి వీల్లేని బంతులు వేస్తూ సతాయిస్తుంటే, 1860లలో అంపైర్ అటువైపు కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లాలంటే (దీన్నే వాక్ అంటారు) ఎన్ని బాల్స్ కావాలన్నది చాలాసార్లు మారింది. 1879లో తొమ్మిది ఉండేది, 1889లో నాలుగు దగ్గర ఆగింది. 1887 వరకు బ్యాటర్ తనకు ఎత్తుగా కావాలో కిందగా కావాలో పిచర్‌ని అడిగే వీలు కూడా ఉండేది. ఈ తేదీలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. పాత వార్తలు చదివేటప్పుడు ఏ ఏడాదిలో ఉన్నామో మర్చిపోతే, వాటిలోని మాటలకు ఇప్పటి అర్థం చెప్పేసుకుంటాం.

పిచ్ అన్న మాటలోనూ పాత ఆట దాగి ఉంది. నికర్‌బాకర్ రూల్స్‌లో బంతిని పిచ్ చేయాలి, త్రో చేయకూడదు అని విడిగా రాశారు. అంటే చెయ్యి కింది నుంచి ఊపి అందించాలి. చెయ్యి భుజం పైకెత్తి వేయడానికి నేషనల్ లీగ్ 1884లో గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడు గంటకు నూరు మైళ్ల వేగంతో విసిరేదాన్ని కూడా పిచ్ అనే అంటున్నాం. అప్పట్లో పరుగును ఏస్ అనేవారు, 21 ఏస్‌లు ఎవరు ముందు చేస్తే వాళ్లు గెలిచినట్టు. తొమ్మిది ఇన్నింగ్‌ల లెక్క 1857లో వచ్చింది. ఏస్ అనే మాట ఇప్పుడు జట్టులోని మేటి పిచర్‌కి పేరుగా వాడుతున్నారు.

కాబట్టి మీ ప్లాన్‌లో మొదటి మార్పు ఇదీ: మాటల్ని గుంపులుగా తీసుకోండి. స్ట్రైక్, బాల్, వాక్, పిచ్ ఒక గుంపు. వీటి గురించి రాస్తే పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య జరిగిన తగాదా మొత్తం వచ్చేస్తుంది. ఒక్కో మాటను విడదీసి రాస్తే నాలుగు ముక్కలు మిగులుతాయి.

రెండోది, స్కోర్ రాయడం నేర్చుకోండి. సిగ్గుపడకుండా ఒక పుస్తకం, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. బేస్‌బాల్‌కి నోటితో మాట్లాడే భాష ఒకటి, పెన్సిల్‌తో రాసే భాష ఇంకొకటి ఉన్నాయి. రెండోది తెలియకపోతే మొదటిది సగమే తెలుస్తుంది. ఫీల్డర్లకు అంకెలు ఉంటాయి: పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్‌మన్ 3, సెకండ్ బేస్‌మన్ 4, థర్డ్ బేస్‌మన్ 5, షార్ట్‌స్టాప్ 6, బయటి మైదానంలో, అంటే అవుట్‌ఫీల్డ్‌లో, ఎడమ నుంచి కుడికి 7, 8, 9. కామెంటేటర్ 6-4-3 డబుల్ ప్లే అన్నాడనుకోండి. మొదటి బేస్ మీద ఒక రన్నర్ ఉన్నాడు. బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద దూకుతూ షార్ట్‌స్టాప్ చేతికి వెళ్లింది. అతను దాన్ని రెండో బేస్ దగ్గరికి పరిగెత్తిన సెకండ్ బేస్‌మన్‌కి అందించాడు, వస్తున్న రన్నర్ అవుట్. ఆ రన్నర్ కాళ్ల దగ్గరికి జారుతుండగానే సెకండ్ బేస్‌మన్ గాలిలోకి లేచి ఫస్ట్ బేస్‌కి విసిరాడు, బ్యాటర్ కూడా అవుట్. ఇదంతా దాదాపు నాలుగు సెకన్ల పని, మూడు అంకెల్లో ఇమిడిపోయింది. రాయడం అలవాటైతే ఆ అంకెలు వినగానే బంతి కళ్ల ముందు తిరుగుతుంది.

అంకెల్లో ఒకటి గమనించారా? షార్ట్‌స్టాప్ నిలబడేది రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్యలో, కానీ అతని అంకె 5 కాదు, 6. నికర్‌బాకర్ క్లబ్‌కి చెందిన డాక్ ఆడమ్స్ ఆ స్థానాన్ని మొదలుపెట్టాడని చెబుతారు. అప్పట్లో బంతి తేలికగా ఉండేది, దూరం నుంచి విసిరితే లోపలిదాకా వచ్చేది కాదు. మధ్యలో అందుకుని ముందుకు పంపడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. బేస్‌లకు కాపలా ఉండేవాళ్లు ఒక వరస, అటూ ఇటూ తిరిగే ఇతను ఇంకో వరస.

ఈ రాత పద్ధతికి ఎక్కువగా రుణపడింది హెన్రీ చాడ్విక్‌కి. 1824లో ఇంగ్లండ్‌లో పుట్టి, న్యూయార్క్ పత్రికల్లో క్రికెట్ గురించి రాస్తూ బేస్‌బాల్ వైపు వచ్చిన మనిషి. ఒక ఆట మొత్తాన్ని చిన్న పట్టికలో చూపే బాక్స్ స్కోర్‌కి ఊపిరి పోసింది ఆయనే. స్ట్రైకవుట్‌కి, అంటే మూడు స్ట్రైక్‌లతో అవుట్ కావడానికి, ఇంగ్లీషు అక్షరం కె వాడటం కూడా ఆయన పుణ్యమే. స్ట్రక్ అన్న మాటలో చివర వినిపించే అక్షరం అది. బ్యాటర్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుట్ అయితే కె ని తిరగేసి రాస్తారు. స్టేడియంలో అభిమానులు వేలాడదీసే కె అట్టల్లో ఒకటి రెండు తిరగబడి ఉండటం మీరు చూసే ఉంటారు.

ఇక పుట్టుకథల విషయం. ఇక్కడ కొంచెం గట్టిగా చెబుతాను. ఎంత అందమైన కథ అయితే అంత అనుమానించండి. సౌత్‌పా అంటే ఎడమచేతి పిచర్. దీనికి అందరూ చెప్పే కథ ఏమిటంటే, సాయంత్రపు ఎండ బ్యాటర్ కళ్లలో పడకుండా మైదానంలో బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ పడమరన పెడతారు, అప్పుడు పిచర్ ఎడమచెయ్యి దక్షిణం వైపుకు వస్తుంది, అందుకే దక్షిణపు పంజా అన్నారని. మైదానం సంగతి నిజమే. హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్ వైపు గీసే గీత తూర్పు-ఈశాన్యంగా ఉంటే మంచిదని రూల్ పుస్తకం చెబుతుంది. కానీ ఎడమచేతికి ఆ మాట వాడటం బేస్‌బాల్ పిచర్ల కన్నా ముందే అచ్చులో కనిపిస్తుంది. ఆట ఆ మాటను పుట్టించలేదు, అందరి నోటా పలికించింది. ఆ సంగతి రాయండి, అదే నిజం, అదే బాగుంటుంది కూడా.

బుల్‌పెన్ కూడా ఇలాంటిదే. ఆట మధ్యలో దిగబోయే పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే చోటు. మైదానం చుట్టూ ఉన్న గోడల మీద బుల్ డర్హమ్ పొగాకు ప్రకటనల్లో పెద్ద ఎద్దు బొమ్మ ఉండేదని, దాని నీడన పిచర్లు నిలబడేవారని కథ. అయితే 1877లోనే సిన్సినాటి పత్రిక ఒకటి ఆ మాట వాడింది, అదీ పిచర్ల గురించి కాదు. ఆలస్యంగా, తక్కువ ధరకు వచ్చిన ప్రేక్షకుల్ని తాడు కట్టి పశువుల్లా నిలబెట్టిన చోటు గురించి. ఆ వాక్యానికి, ఇప్పటి అర్థానికి మధ్య దారి ఎవరూ తిరుగులేకుండా చూపలేకపోయారు. మీరు రాసేటప్పుడు రెండూ పెట్టండి, తేదీలతో సహా, తీర్పు చెప్పకుండా వదిలేయండి. చదివేవాళ్లకి దాని వల్ల ఆసక్తి తగ్గదు.

తేదీలు వెతకడం కష్టమేమీ కాదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికాలో పాత పత్రికలు ఉచితంగా చదవొచ్చు. ఒక చిన్న కిటుకు: పందొమ్మిదో శతాబ్దంలో ఆట పేరును రెండు మాటలుగా, బేస్ తర్వాత ఖాళీ వదిలి బాల్ అని రాసేవారు, కొన్నిచోట్ల మధ్యలో అడ్డగీత పెట్టేవారు. ఒకే మాటగా వెతికితే సగం వార్తలు దొరకవు.  ఫలానా రోజు ఆటలో ఏం జరిగిందో తెలియాలంటే 1989 నుంచి స్వచ్ఛందంగా నడుస్తున్న రెట్రోషీట్ ఉంది. 1971లో కూపర్స్‌టౌన్‌లో మొదలైన పరిశోధకుల సంఘం సేబర్ వ్యాసాలూ చదవండి. గణాంకాలతో ఆటను చదివే సేబర్‌మెట్రిక్స్‌కి బిల్ జేమ్స్ ఆ పేరు పెట్టింది ఈ సంఘం పేరు నుంచే.

ఓపికగా వెతికితే ఏం దొరుకుతుందో చెప్పడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ జాజ్. అవును, సంగీతమే. ఆ మాట అచ్చులో మొదట దొరుకుతున్నది సంగీతం వార్తలో కాదు. 1912లో లాస్ ఏంజెలస్ టైమ్స్‌లో, పోర్ట్‌లాండ్ జట్టు పిచర్ బెన్ హెండర్సన్ తన వంకర తిరిగే బంతికి పెట్టుకున్న పేరుగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది శాన్ ఫ్రాన్సిస్కో పత్రికలో ఆటగాళ్ల ఉత్సాహానికి, చురుకుదనానికి అదే మాట వాడారు. సంగీతానికి ఆ పేరు అంటుకున్నది ఆ తర్వాత. ఒక పాత స్పోర్ట్స్ పేజీ మూలన పడి ఉన్న మాట ఇరవయ్యో శతాబ్దాన్నే ఊపేసిందంటే, ఇంకా చదవని పేజీల్లో ఏముందో అనిపించదా?

పుట్టుక స్పష్టంగా తెలిసిన మాటలు కొన్ని ఉన్నాయి, వాటితో మొదలుపెడితే ధైర్యం వస్తుంది. వాక్-ఆఫ్ అలాంటిది. ఇప్పుడు వాక్-ఆఫ్ అంటే సొంత మైదానంలో ఆడే జట్టు ఆఖరి దెబ్బతో గెలిచి సంబరం చేసుకోవడం. కానీ ఈ మాటను వాడుకలోకి తెచ్చింది ఒక పిచర్, ఓక్లండ్ ఎథ్లెటిక్స్‌కి ఆడిన డెన్నిస్ ఎకర్స్లీ. ఆయన ఉద్దేశంలో నడిచి వెళ్లిపోయేది గెలిచినవాడు కాదు, హోమ్ రన్ (బంతిని మైదానం బయటికి కొట్టే దెబ్బ) ఇచ్చేసి తలవంచుకుని మైదానం వదిలే పిచర్. 1988లో ఈ మాట అచ్చులోకి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 15న, సీజన్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో, తొమ్మిదో ఇన్నింగ్‌లో, ఇద్దరు అవుట్ అయ్యాక, రెండు కాళ్లకూ దెబ్బలతో కుంటుకుంటూ వచ్చిన డాడ్జర్స్ ఆటగాడు కర్క్ గిబ్సన్, ఎకర్స్లీ బంతినే కుడివైపు స్టాండ్స్‌లోకి కొట్టాడు. మాట తెచ్చినవాడికే ఆ నడక తప్పలేదు. కొన్నేళ్లకు ఆ మాట ఓడినవాడి నుంచి గెలిచినవాడి వైపుకు మారిపోయింది. అర్థం ఇలా బోర్లా పడిన మాటలు దొరికితే వదలకండి.

మనుషుల పేర్లతో వచ్చిన మాటలు రాసేటప్పుడు ఆ మనిషికి న్యాయం చేయండి. బ్యాటింగ్ సగటు 0.200 దగ్గర తచ్చాడితే మెండోజా లైన్ అంటారు. మెక్సికోలో పుట్టిన షార్ట్‌స్టాప్ మారియో మెండోజా పేరు అది. సియాటిల్ జట్టులో తోటి ఆటగాళ్లు ఆటపట్టించడంతో మొదలై, మేటి బ్యాటర్ జార్జ్ బ్రెట్ నోటి మీదుగా టీవీకి ఎక్కింది. మెండోజా మొత్తం కెరీర్ సగటు 0.215, అంటే ఆయన పేరున్న గీతకి పైనే. చక్కటి ఫీల్డర్ కాబట్టే అన్నేళ్లు పెద్ద లీగ్‌లో ఆడనిచ్చారు. ఈ రెండు వాక్యాలు లేకుండా మెండోజా లైన్ గురించి రాయకూడదని నా పట్టుదల.

రేడియో గురించి విడిగా ఒక గుంపు పెట్టుకోండి. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ రేడియో కేంద్రం నుంచి హెరాల్డ్ ఆర్లిన్ మొదటిసారి ఒక మేజర్ లీగ్ ఆటను ప్రసారం చేశారు. తర్వాత చాలా ఏళ్లు, బయటి ఊళ్లలో జరిగే ఆటలకు కామెంటేటర్లు వెళ్లేవారు కాదు. స్టూడియోలో కూర్చుని, టెలిగ్రాఫ్‌లో వచ్చే నాలుగు పొడి అక్షరాల నుంచి మొత్తం ఆటను నోటితో నిర్మించేవారు. అమెరికా అధ్యక్షుడు కాకముందు రోనాల్డ్ రీగన్ అయోవాలో చేసిన పని ఇదే. ఒకే రకం బంతికి బేస్‌బాల్‌లో అన్ని పేర్లు ఉండటానికి పత్రికలవాళ్లు ఎంత కారణమో, చూడని ఆటను చూసినట్టు చెప్పాల్సి వచ్చిన ఈ గొంతులూ అంతే కారణమని నేననుకుంటాను. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో డాడ్జర్స్ ఆటలకు 1939 నుంచి 1953 వరకు వినిపించిన కామెంటేటర్ రెడ్ బార్బర్ మిసిసిపీలో పుట్టిన మనిషి. మైదానంలో గొడవైతే రూబార్బ్ అనేవారు, ఒక జట్టు పరిస్థితి భేషుగ్గా ఉంటే క్యాట్‌బర్డ్ సీట్‌లో కూర్చుందనేవారు. దక్షిణాది యాస నిండిన ఆ మాటలు న్యూయార్క్ వీధుల్లోకి వెళ్లిపోయాయి. ఆయన చేతుల మీదుగా వచ్చిన విన్ స్కలీ 1950 నుంచి 2016 వరకు డాడ్జర్స్ ఆటలు చెప్పారు. ఆయన పాత రికార్డింగులు కళ్లు మూసుకుని వినండి. ఎక్కడ మాట్లాడలేదో కూడా గమనించండి.

ఒక్క జాగ్రత్త. పెద్ద పత్రికలు మాత్రమే వెతికితే నల్లజాతి ఆటగాళ్ల మాటలు దాదాపు కనిపించవు. 1920లో రూబ్ ఫాస్టర్ కాన్సస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్‌ని స్థాపించాడు. ఆ ఆటల వార్తలు షికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కొరియర్ లాంటి పత్రికల్లో ఉంటాయి. సాచెల్ పెయిజ్ తన బంతులకు తానే పేర్లు పెట్టుకునేవాడు: బీ బాల్, మిడ్‌నైట్ రైడర్, మధ్యలో ఒక్క క్షణం ఆగి వేసే హెసిటేషన్ పిచ్. 1948లో, నలభై రెండేళ్ల వయసులో గానీ ఆయనకు మేజర్ లీగ్ తలుపు తెరుచుకోలేదు. ఆ లీగ్‌లను మేజర్ లీగ్‌లుగా లెక్కలోకి తీసుకున్నది 2020 డిసెంబర్‌లో. మాటల చరిత్రలో మనం అంత ఆలస్యం చేయొద్దు.

ఇంగ్లీషు దాటి బయటికి వెళ్లే సరికి ఇంకో లోకం. స్పానిష్‌లో హోమ్ రన్‌ని హోన్‌రోన్ అని తమ నోటికి తిప్పుకున్నారు, అవుట్‌ఫీల్డర్‌ని హార్దినేరో, అంటే తోటమాలి అని పిలుస్తారు. జపాన్‌కి 1872లో హొరేస్ విల్సన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు ఆటను తీసుకెళ్లాడు. 1894లో చూమా కనాయె దానికి యక్యూ అని పేరు పెట్టాడు, మైదానపు బంతి అని అర్థం. హైకూ కవి మసావొకా షికి విద్యార్థిగా ఉన్నప్పుడు క్యాచర్‌గా ఆడేవాడు. బ్యాటర్‌కి దాషా, రన్నర్‌కి సోషా లాంటి మాటలు ఆయన కలం నుంచి వ్యాప్తిలోకి వచ్చినవే. 2002లో జపాన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటిచ్చారు. యుద్ధకాలంలో, 1943లో, ఇంగ్లీషు వద్దని స్ట్రైక్‌కి యోషి అని, బాల్‌కి దామె అని పలికించారు. యుద్ధం అయ్యాక స్ట్రైక్ మళ్లీ స్ట్రైకే అయింది. వాళ్లు వాక్-ఆఫ్ హోమ్ రన్‌ని సయోనారా హోమ్ రన్ అంటారు. ఈ గుంపును చివరికి దాచుకోండి, అమెరికా మాటల మీద పట్టు వచ్చాక ఇది చదివితే దాని రుచే వేరు.

రోజువారీ ఇంగ్లీషులోకి వెళ్లిన కర్వ్‌బాల్, రెయిన్ చెక్, టచ్ బేస్ లాంటివాటి మీద ఎక్కువ సమయం పెట్టకండి, వాటి గురించి అందరూ రాసేశారు. ఒక్కటి మాత్రం లోతుగా చూడదగ్గది: 1994లో కాలిఫోర్నియా తెచ్చిన త్రీ స్ట్రైక్స్ చట్టం. ఆటలో మూడు స్ట్రైక్‌లు పడ్డవాడు బెంచ్ మీద కూర్చుని కాసేపటికి మళ్లీ బ్యాటింగ్‌కి వస్తాడు. 2012లో సడలించేదాకా, ముందే రెండు తీవ్ర నేరాలు ఉన్నవాడికి ఆ చట్టం కింద మూడో నేరం రుజువైతే పాతికేళ్ల నుంచి జీవితకాలం వరకు జైలు. ఆట మాట ఎంత బరువు మోసిందో రాయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఏది ఎప్పుడు రాయాలన్న టెన్షన్ పెట్టుకోకండి, సీజన్ చెబుతుంది. వసంతంలో శిక్షణ శిబిరాలు నడుస్తుంటే కోచ్‌లు చేతబట్టే సన్నటి ఫంగో బ్యాట్ గురించి. సెప్టెంబర్‌లో జట్లు ఇద్దరు ఆటగాళ్లను అదనంగా తీసుకునేటప్పుడు, పెద్ద లీగ్‌లో నాలుగు రోజులు మాత్రమే ఆడి వెళ్లిపోయేవాళ్ల గురించి చెప్పే కప్ ఆఫ్ కాఫీ. అక్టోబర్‌లో వాక్-ఆఫ్. చలికాలంలో ఆటలు లేక అభిమానులు పొయ్యి చుట్టూ చేరి కబుర్లు చెప్పుకునే రోజుల నుంచి వచ్చిన హాట్ స్టవ్. ఆ నెలల్లోనే పాత పత్రికలు తిరగేసే పని పెట్టుకోండి. నెలకు ఒక గుంపు పూర్తయితే చాలు.

ఇక మీరు ఈ సీజన్‌లోనే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. కొత్త మాటలు మన కళ్ల ముందే పుడుతున్నాయి, వాటికి తేదీ వేయండి. గాయపడిన ఆటగాళ్లను పెట్టే డిసేబుల్డ్ లిస్ట్ పేరును 2019లో ఇంజ్యూర్డ్ లిస్ట్‌గా మార్చారు, అయినా పాత అభిమానులు పాత పేరే అంటుంటారు. 2018లో టాంపా బే జట్టు, మామూలుగా ఆట మధ్యలో దిగే రిలీఫ్ పిచర్‌తో ఆట మొదలుపెట్టించడంతో ఓపెనర్ అన్న మాట నిలబడింది. స్లైడర్ అనే వంకర బంతుల్లో అడ్డంగా బాగా జారిపోయేదాన్ని స్వీపర్ అనడం 2023కల్లా అధికారిక లెక్కల్లోకి ఎక్కింది. ఆట చూస్తూ వినని మాట ఏదైనా చెవిన పడితే, ఆ రోజు తేదీ, ఆడుతున్న జట్లు, ఏ ఇన్నింగ్, ఎవరన్నారు, సరిగ్గా ఏ వాక్యంలో అన్నారు, ఈ ఐదూ అప్పటికప్పుడు రాసుకోండి. స్కోర్ పుస్తకం మార్జిన్‌లో అయినా సరే.